లండన్‌లో ఒక రోజు: తిన్న ముద్ద, నేర్చిన పాఠం

భూమిపై సంచరించి చూడమని, చూసి గుణపాఠం గ్రహించమని దివ్య ఖుర్‌ఆన్ మనకు పలుమార్లు బోధించింది. ఆ వాక్యాలను మదరసా పిల్లలకు ముప్పై ఏళ్ళుగా వివరిస్తూ వస్తున్నాము. కానీ హజ్ యాత్ర మినహా మేము కర్నూలు విడిచి దూరదేశం వెళ్ళింది లేదు. అల్లాహ్ అనుగ్రహంతో మొన్న వేసవిలో ఆ అవకాశం లభించింది. మా కుమారుడు ఉద్యోగరీత్యా పదేళ్ళుగా లండన్ నగరానికి తూర్పున ఉన్న ఇల్ఫర్డ్‌లో కాపురముంటున్నాడు. అక్కడే పుట్టిన మా మనవరాలికి తొమ్మిదేళ్ళు. ఆ పాప కోరికపైనే మేము, మా శ్రీమతి ఆగస్టు నెలలో అక్కడికి వెళ్ళాము. పదిహేను రోజులకు మించి ఉండాలన్న సంకల్పంతో వెళ్ళాము గనుక ప్రయాణికుని సంక్షిప్త నమాజు కాక, పూర్తి నమాజే చేస్తూ వచ్చాము.

ఆ నగరం గురించి చెప్పే ముందు మా సంచి గురించి చెప్పాలి. కర్నూలులో బయలుదేరేటప్పుడు ఎండబెట్టిన జొన్నరొట్టెలు, నిమ్మకాయ ఊరగాయ, వేరుశనగ పొడి, కారప్పొడి ఒక గుడ్డ సంచిలో కట్టించుకున్నాము. ఆ దేశంలో ఏది హలాలో ఏది హరామో తెలియదు కదా, అవసరమైతే ఇవే తిని నెల గడుపుదామన్నది మా ఆలోచన. ఇది దైవభీతి అని అప్పుడు అనుకున్నాము.

వెళ్ళిన మూడవ రోజున మా కోడలు ఎంతో శ్రమపడి ఒక ఇంగ్లీషు వంటకం చేసింది. దానిని షెపర్డ్స్ పై అంటారు. ఉల్లిపాయ, క్యారెట్ వేసి ఉడికించిన గొర్రె కీమాను ఒక పళ్ళెంలో సర్ది, దానిపై వెన్న కలిపి మెదిపిన బంగాళాదుంపను మందంగా పరచి, పైభాగం ఎర్రబడే వరకు ఓవెన్‌లో కాలుస్తారు. గొర్రె మాంసానికి బదులు గొడ్డు మాంసం వాడితే దాని పేరు కాటేజ్ పై. పాప ఉత్సాహంగా ఈ వివరాలన్నీ చెబుతూ ఉండగా, మేము కోడలిని ప్రశ్నించడం మొదలుపెట్టాము. మాంసం ఎక్కడ కొన్నారు? జబహ్ చేసిన వారెవరు? దుకాణంలో పత్రం ఉన్నదా, ఉంటే ఎవరు ఇచ్చారు? ఆమె ప్రతిదానికీ వినయంగా సమాధానం చెప్పింది. అయినా మేము ఆ రాత్రి అన్నంలో పెరుగు, ఊరగాయ కలుపుకుని తిని లేచాము. కోడలు మారుమాట లేకుండా పళ్ళెం లోపలికి తీసుకుపోయింది. మరునాటి నుండి మా కోసం పప్పు, అన్నం మాత్రమే వండింది. మా కుమారుడూ ఏమీ అనలేదు. ఆ రాత్రి మా శ్రీమతి మాత్రం ఒక మాట అంది: "మీరు వద్దన్నది వంటను కాదు, వండిన చేతిని." మేము జవాబు చెప్పకుండా పడుకున్నాము.

పది రోజులు గడిచాయి. ఒక సాయంత్రం పాప వచ్చి, "దాదాజాన్, లండన్ చూడకుండా, ఇక్కడి వాళ్ళ భోజనం రుచి చూడకుండా వెళ్ళిపోతే మీ మదరసా పిల్లలకు ఏం చెబుతారు?" అని అడిగింది. ఆ ప్రశ్నకు మా దగ్గర సమాధానం లేదు. కుమారుడు ఒక రోజు సెలవు పెట్టాడు. అందరం బయలుదేరాము. మా చేతిలో సంచి ఉంది.

*

ఉదయపు ఫలహారం ఇంటికి దగ్గరలోనే, ఒక ముస్లిం నడిపే చిన్న హోటలులో. ఇంగ్లీషు వారి సంప్రదాయ ఫలహారం మన ఇడ్లీ, ఉప్మాల వంటిది కాదు. దాదాపు పూర్తి భోజనమే. వేయించిన గుడ్లు, టమాటా రసంలో ఉడికిన చిక్కుడు జాతి గింజలు, వేయించిన పుట్టగొడుగులు, కాల్చిన టమాటా ముక్కలు, రొట్టె, వీటితో పాటు మాంసం. ఆ మాంసం సాధారణంగా పందిదే. బేకన్, సాసేజీ, రక్తంతో చేసే బ్లాక్ పుడ్డింగ్ అందులో ఉంటాయి. పంది మాంసం, కారిన రక్తం రెండూ మనకు స్పష్టంగా నిషిద్ధం. అందుకే ముస్లిం హోటళ్ళలో బేకన్‌కు బదులు టర్కీ కోడి మాంసపు పలుచని ముక్కలు, పంది సాసేజీకి బదులు గొడ్డు మాంసపు సాసేజీలు ఇస్తారు. బ్లాక్ పుడ్డింగ్ ఊసే ఉండదు. వంటకం రూపం వారిది, సరుకు మనది.

గోడపై హలాల్ ధ్రువపత్రం వేలాడుతూనే ఉంది. బ్రిటన్‌లో ఇటువంటి పత్రాలిచ్చే సంస్థలు ఒకటికి మించి ఉన్నాయి. 1994లో ఏర్పడిన హలాల్ ఫుడ్ అథారిటీ, 2003లో ఏర్పడిన హలాల్ మానిటరింగ్ కమిటీ వాటిలో ప్రముఖమైనవి. జబహ్‌కు ముందు జంతువును స్పృహ తప్పించడం గురించి వాటి మధ్య అభిప్రాయ భేదం ఉంది. మేము పత్రం చదివాము. వడ్డించే కుర్రవాణ్ణి అడిగాము. తృప్తి కలగక మళ్ళీ అడిగాము. చివరకు మా కుమారుడు లేచి వెళ్ళి యజమానిని వెంటబెట్టుకు వచ్చాడు. తెల్లని గడ్డం గల ఆ పెద్దమనిషి నొచ్చుకోలేదు. మమ్మల్ని వంటగదిలోకి తీసుకువెళ్ళి సరుకుల పెట్టెలు కూడా చూపించాడు. మేము తిరిగి వచ్చి కూర్చుని గుడ్లు, రొట్టె తిన్నాము. సాసేజీ ముట్టలేదు. మా కుమారుడు తల వంచుకుని టీ తాగుతున్నాడు. ఆ సమయంలో వాడి ముఖం చూడాలన్న ఆలోచన మాకు రాలేదు.

*

ఇల్ఫర్డ్ నుండి ఎలిజబెత్ లైన్ రైలులో లివర్‌పూల్ స్ట్రీట్ చేరాము. ఈ రైలు మార్గం 2022లో ప్రారంభమైంది. అక్కడి నుండి నడిచి థేమ్స్ నది వైపు వెళితే, ఇరుకు వీధుల మధ్య ఒక ఎత్తైన రాతి స్తంభం కనిపిస్తుంది. దాని శిఖరాన బంగారు పూతతో అగ్నిజ్వాలల కుండ ఉంటుంది. దానిని మాన్యుమెంట్ అని పిలుస్తారు. 1666 సెప్టెంబరు 2న తెల్లవారుజామున అక్కడికి సమీపంలోని పుడ్డింగ్ లేన్‌లో థామస్ ఫారినర్ అనే రొట్టెల వ్యాపారి బట్టీ నుండి నిప్పు రేగింది. నాలుగు రోజుల పాటు మండి, సుమారు 13,200 ఇళ్ళను, 87 చర్చీలను, సెయింట్ పాల్ మహా చర్చిని కాల్చివేసింది. ఆ జ్ఞాపకంగా శిల్పులు క్రిస్టఫర్ రెన్, రాబర్ట్ హుక్ 1671, 1677 మధ్య ఈ స్తంభాన్ని నిర్మించారు. దీని ఎత్తు 202 అడుగులు. నిప్పు పుట్టిన బట్టీకీ స్తంభానికీ మధ్య దూరం కూడా 202 అడుగులే.

లోపల 311 మెట్లు. మా కుమారుడూ పాపా ఎక్కారు. ఎక్కి దిగిన వారికి ఒక ప్రశంసాపత్రం ఇస్తారు. మేము కింద కూర్చున్నాము. స్తంభం చరిత్రను మా కోడలు చదివి చెప్పింది. అందులో ఒక భాగం మమ్మల్ని కదిలించింది.

నగరం కాలిపోగానే ప్రజలకు ఒక దోషి కావలసి వచ్చాడు. విదేశీయులపై, క్యాథలిక్కులపై అనుమానం పడింది. రాబర్ట్ హ్యూబర్ట్ అనే ఫ్రెంచివాడు తానే నిప్పు పెట్టానని పొంతనలేని మాటలు చెప్పాడు. అతని మతి స్థిమితంగా లేదని పలువురికి అనిపించింది. అయినా అతనిని ఉరితీశారు. నేరారోపణపై సంతకం చేసినవారిలో ఆ రొట్టెల వ్యాపారి కుటుంబం వారు కూడా ఉన్నారు. నిప్పు అంటుకున్న రెండు రోజుల తరువాత గానీ హ్యూబర్ట్ లండన్‌లో అడుగే పెట్టలేదని ఆ తరువాత తేలింది. అంతటితో ఆగలేదు. 1681లో ఈ స్తంభం పైన, ఇది క్యాథలిక్కుల దుర్మార్గమేనని అర్థం వచ్చే మాటలు రాతిలో చెక్కారు. ఆ మాటలను శాశ్వతంగా తొలగించింది 1830లో. రాతిపై చెక్కిన అనుమానాన్ని చెరపడానికి దాదాపు 150 ఏళ్ళు పట్టింది.

అనుమానాలకు దూరంగా ఉండమని, కొన్ని అనుమానాలు పాపాలని, ఒకరి గుట్టు ఒకరు వెదకవద్దని హుజురాత్ సూరాలో అల్లాహ్ హెచ్చరించిన సంగతి పాఠకులకు తెలియనిది కాదు. ఆ స్తంభం కింద కూర్చుని మేము ఆ బోధనను తలచుకున్నాము. కానీ అప్పుడు కూడా మాకు తోచింది ఫ్రెంచివాడిని ఉరితీసిన వారి తప్పే. పరుల తప్పు చూసే కన్నుకు తన తప్పు కనబడదు.

ఇదే అగ్నిప్రమాదం గురించి మరొక విశేషం. మంటలు ఆగిన చోట్లలో ఒకటైన పై కార్నర్ వద్ద ఒక బొద్దు బాలుడి బంగారు బొమ్మ గోడలో అమర్చి ఉంటుందట. నగరానికి ఆ శిక్ష తిండిపోతుతనమనే పాపం వల్ల కలిగిందని అక్కడి రాత చెబుతుంది. పుడ్డింగ్ లేన్‌లో మొదలై పై కార్నర్‌లో ముగిసింది గనుక జనం అలా అన్వయించుకున్నారు. ఆ మాటలోని తర్కం మాట ఎలా ఉన్నా, కడుపును అదుపులో ఉంచుకోవాలన్న హితవు మనకు కొత్త కాదు.

*

నది ఒడ్డున నడుచుకుంటూ టవర్ ఆఫ్ లండన్ చేరాము. అది 11వ శతాబ్దంలో విలియం రాజు కట్టించడం మొదలుపెట్టిన కోట. కొన్నాళ్ళు రాజభవనం, కొన్నాళ్ళు చెరసాల, ఇప్పుడు రాజాభరణాల భాండాగారం. లోపలికి వెళ్ళే రుసుము ఎక్కువ. మేము బయటి నుండే చూశాము. కోహినూర్ వజ్రం ఉన్నది ఆ గోడల వెనుకనే. కృష్ణా తీరంలో, మన పల్నాడులోని కొల్లూరు గనిలో అది దొరికిందని చెబుతారు. ఎందరో రాజుల చేతులు మారి, 1849లో పదేళ్ళ బాలుడైన పంజాబు మహారాజు దులీప్ సింగ్ చేత సంతకం పెట్టించుకుని ఆంగ్లేయులు దానిని తీసుకున్నారు. ఆ సంగతి చెప్పగానే మా మనవరాలు, "పిల్లవాడి సంతకం చెల్లుతుందా దాదాజాన్?" అని అడిగింది. మైనరు పిల్లల ఆస్తి గురించి మన ధర్మశాస్త్రం ఏమి చెబుతుందో నడుస్తూనే వివరించాము. పాప శ్రద్ధగా విన్నది. మాకు ముచ్చట వేసింది.

ఆ ముచ్చటలోనే దారిపక్క దుకాణంలో ఆగాము. అక్కడ రంగురంగుల మిఠాయి పొట్లాలు ఉన్నాయి. ఎలుగుబంటి పిల్లల ఆకారంలో, గాజు ముక్కల్లా మెరుస్తున్నాయి. మేము ఎవరినీ అడగకుండా మా జేబులోని డబ్బుతో ఒక పొట్లం కొని పాప చేతిలో పెట్టాము. పాప "జజాకల్లాహ్" అన్నది. తరువాత పొట్లాన్ని వెనక్కి తిప్పి, చిన్న అక్షరాలపై వేలు పెట్టి చదివింది. మా చేయి పట్టుకుని మెల్లగా, తల్లిదండ్రులకు వినబడకుండా చెప్పింది: "దాదాజాన్, ఇందులో జెలటిన్ ఉంది. పందిది. మనం తినకూడదు."

మాకు నోట మాట రాలేదు. మా మౌనం చూసి పాపే ఓదార్చింది. "ఫర్వాలేదు. అక్షరాలు చాలా చిన్నవి. నాకూ ముందు తెలిసేది కాదు. అమ్మీ నేర్పింది. బజారుకు వెళ్ళినప్పుడు నాతో అన్నీ చదివిస్తుంది. నేను సరిగ్గా చదివితేనే కొంటుంది."

ప్రియ పాఠకులారా! ముప్పై ఏళ్ళుగా హలాల్, హరామ్ అధ్యాయాలు బోధించిన మేము మా చేతులతో పసిపిల్లకు నిషిద్ధ పదార్థం అందించాము. దానిని ఆపింది, మేము అనుమానించిన కోడలు ఇచ్చిన శిక్షణ. మేము ఆ పొట్లం తిరిగి ఇచ్చి వచ్చాము. కొంత దూరం నడిచాక వెనక్కి తిరిగి చూశాము. మా కోడలు మా శ్రీమతి చేయి పట్టుకుని నెమ్మదిగా నడిపించుకు వస్తోంది. మా శ్రీమతి అన్న మాట అప్పుడు మాకు మళ్ళీ వినిపించింది.

*

జుహర్ వేళకు వైట్‌చాపెల్ రోడ్డులోని ఈస్ట్ లండన్ మసీదు చేరుకున్నాము. దీని చరిత్ర తెలుసుకోదగినది. లండన్‌లో ఒక మసీదు కట్టాలని 1910లో సయ్యద్ అమీర్ అలీ, ఆగా ఖాన్ ప్రభృతులు ఒక నిధిని ఏర్పాటు చేశారు. 1941లో కమర్షియల్ రోడ్డులోని ఇళ్ళలో మసీదు మొదలైంది. ఇప్పటి భవనం 1985 నాటిది. పక్కనే స్త్రీల కోసం మర్యం సెంటర్ ఉంది. మా శ్రీమతి, కోడలు, పాప అక్కడ నమాజు చేసుకున్నారు.

నమాజు ముగిశాక మాకు ఒక మహనీయుని జ్ఞాపకం వచ్చింది. ఈ మసీదు నిధికి ధర్మకర్తగా సేవ చేసినవారిలో అబ్దుల్లాహ్ యూసుఫ్ అలీ ఒకరు. ఆయన చేసిన ఖుర్‌ఆన్ ఆంగ్లానువాదం లేని ఇస్లామీ గ్రంథాలయం అరుదు. ఆయన తన సంతానంతో సఖ్యత కోల్పోయి, 1953 డిసెంబరులో ఇదే నగరంలో చలిలో బయట కనిపించి, అయినవారెవరూ చెంత లేకుండానే కన్నుమూశారు. ఆయన విద్వత్తు ముందు మా వంటివారు ఎంత? తండ్రికీ బిడ్డలకూ మధ్య దూరం పెరగడానికి సముద్రాలు అక్కరలేదు. ఒకే ఇంట్లో, ఒకే భోజనపు బల్ల మీద కూడా అది పెరుగుతుంది.

మరొక హదీసు గుర్తుకు వచ్చింది. దానిని మేము ఏటా పాఠం చెబుతాము. కొత్తగా ఇస్లాం స్వీకరించినవారు మాంసం తెచ్చి ఇస్తున్నారు, వారు దానిపై అల్లాహ్ పేరు తలచారో లేదో తెలియదు, ఏం చేయాలని కొందరు దైవప్రవక్త (స)ను అడిగారు. మీరు అల్లాహ్ పేరు తలచి తినండని ఆయన సెలవిచ్చారు. హజ్రత్ ఆయిషా (రజి) ఉల్లేఖించిన ఈ హదీసు బుఖారీలో ఉంది. అంటే ముస్లిం ఇచ్చిన దానిపై సదభిప్రాయమే మూలసూత్రం. సందేహాస్పదమైన వాటిని వదలడం దైవభీతి. కానీ నమ్మదగినవారు తేటగా చెప్పిన తరువాత కూడా ప్రశ్నిస్తూ పోవడం దైవభీతి కాదు. అది ఎదుటివారి విశ్వాసాన్ని తూకం వేయడం. ఆ తూకం మన పని కాదు.

*

ఇక మధ్యాహ్న భోజనం ఫిష్ అండ్ చిప్స్. బ్రిటన్ పేరు చెబితే లోకానికి గుర్తుకు వచ్చే వంటకం ఇదే. ముల్లు తీసిన కాడ్ లేదా హాడక్ చేప ముక్కను జారుగా కలిపిన మైదా పిండిలో ముంచి నూనెలో వేయిస్తారు. పక్కన లావుగా తరిగి వేయించిన బంగాళాదుంప ముక్కలు, మెత్తగా ఉడికించిన బఠాణీల ముద్ద, పైన ఉప్పు, వెనిగర్. చేపకు జబహ్ అవసరం లేదు గనుక ముస్లిం తినడానికి ఇదే సులువు అనిపిస్తుంది. కానీ మూడు విషయాలు అడిగి తెలుసుకోవాలి. కొన్ని చోట్ల పిండిలో బీరు కలుపుతారు. కొన్ని చోట్ల నూనెకు బదులు గొడ్డు కొవ్వులోనో, పంది కొవ్వులోనో వేయిస్తారు. మరికొన్ని చోట్ల సాసేజీలు వేయించిన నూనెలోనే చేప కూడా వేస్తారు.

మొదటి దుకాణంలో పాపే ముందుకు వెళ్ళి ఈ మూడు ప్రశ్నలూ అడిగింది. కౌంటరు వెనుక ఉన్న పెద్దావిడ, "మేము గొడ్డు కొవ్వులో వేయిస్తాము తల్లీ, మీకు పనికిరాదు" అని నిజం చెప్పి, తరువాతి వీధిలో నూనెతో చేసే దుకాణం ఉన్నదని దారి కూడా చూపింది. చేతికి వచ్చిన బేరాన్ని నిజాయితీ కోసం వదులుకున్నది. ఆమె ముస్లిం కాదు. అమానత్ అనే గుణాన్ని అల్లాహ్ ఎవరి హృదయంలోనైనా ఉంచగలడు.

రెండవ దుకాణంలో నూనె వేరు, బాణలి వేరు, పిండిలో బీరు లేదు. పొట్లాలు కట్టించుకుని ఒక చిన్న తోటలో బల్లపై కూర్చున్నాము. మా సంచి పక్కనే ఉంది. మా కుమారుడు అలవాటుగా దానిని మా వైపు జరిపాడు. మేము దానిని బల్ల కింద పెట్టి, బిస్మిల్లాహ్ అని చేప ముక్క విరిచాము. పైపొర కరకరలాడింది. లోపలి చేప తెల్లగా, పొరలు పొరలుగా విడిపోయింది. కారం లేదు, మసాలా లేదు. తుంగభద్ర చేపల పులుసు తిన్న నాలుకకు అది చప్పగానే ఉంటుంది. అయినా ఆకలిలో, అయినవారి నడుమ అది ఎంతో రుచించింది. పాప మా వైపే చూస్తోంది. "బాగుంది" అన్నాము. పాప కంటే ముందు మా కుమారుడు నవ్వాడు.

ఈ వంటకం పుట్టుక కూడా విచిత్రమే. పిండిలో ముంచి చేపను వేయించే పద్ధతిని స్పెయిన్, పోర్చుగల్ దేశాల నుండి హింసకు గురై వచ్చిన యూదులు ఇక్కడికి తెచ్చారని చెబుతారు. శనివారం పొయ్యి వెలిగించరు గనుక వారు శుక్రవారమే వేయించి ఉంచుకునేవారు. బంగాళాదుంప దక్షిణ అమెరికాది. ఈ రెండింటినీ కలిపి అమ్మిన తొలి దుకాణాలలో ఒకటి 1860 ప్రాంతంలో ఈ తూర్పు లండన్‌లోనే జోసెఫ్ మాలిన్ అనే యూదుడు తెరిచినదని ప్రసిద్ధి. రెండవ ప్రపంచ యుద్ధంలో ఎన్నో తినుబండారాలకు రేషన్ పెట్టిన ప్రభుత్వం చేపకు, బంగాళాదుంపకు మాత్రం పెట్టలేదు. వలసవచ్చినవారి కూడు ఆ జాతి కూడు అయింది.

మన వంతు కూడా ఉంది. కెడ్జరీ అనే వారి ఉదయపు వంటకం మన కిచిడీయే. అందులో పొగబెట్టిన చేప, గుడ్లు చేర్చారు. పాట్నాలో పుట్టిన షేక్ దీన్ ముహమ్మద్ 1810లో లండన్‌లో హిందుస్తానీ కాఫీ హౌస్ తెరిచి ఆంగ్లేయులకు మన కూరలు రుచి చూపించాడు. రెండేళ్ళలోనే అతడు దివాళా తీశాడు. ఈనాడు కూర లేని వీధి ఆ దేశంలో లేదు. 2001లో విదేశాంగ మంత్రి రాబిన్ కుక్ చికెన్ టిక్కా మసాలాను నిజమైన బ్రిటిష్ జాతీయ వంటకంగా పేర్కొన్నారు.

*

చివరగా బ్రిక్ లేన్‌కు వెళ్ళాము. అక్కడి జామె మసీదు భవనం 1743లో ఫ్రాన్స్ నుండి పారిపోయి వచ్చిన ప్రొటెస్టెంట్ శరణార్థులు కట్టుకున్న ప్రార్థనాలయం. ఆ తరువాత మెథడిస్టులది అయింది. 1898లో యూదుల సినగాగ్ అయింది. 1976 నుండి బంగ్లాదేశ్ నుండి వచ్చిన ముస్లింల మసీదుగా ఉంది. గోడ మీద ఆనాటి సూర్యగడియారం ఇంకా ఉంది. మానవ జీవితం నీడ వంటిదని గుర్తుచేసే లాటిన్ మాట దానిపై చెక్కి ఉంది. ప్రతి తరమూ బతుకుతెరువు కోసం వచ్చింది, తన దైవారాధనను వెంట తెచ్చుకుంది, పిల్లలకు నేర్పుకుంది. ఏ తరం పిల్లలకు నేర్పడం మానిందో ఆ తరం వెనుక ఏమీ మిగలలేదు. పొట్లం వెనుక చిన్న అక్షరాలు చదవడం నేర్పిన తల్లి విలువ మాకు అక్కడ పూర్తిగా అర్థమయింది.

సాయంత్రం ఇల్లు చేరాక మా కోడలు స్కోన్లు పెట్టింది. మైదా, వెన్న, పాలు కలిపి కాల్చిన గుండ్రని మెత్తని రొట్టెలవి. మధ్యకు విడదీసి పండ్ల జామ్, చిక్కని మీగడ రాసుకుని టీతో తింటారు. ముందు మీగడ రాయాలని డెవన్ జిల్లా వారు, ముందు జామ్ రాయాలని కార్న్‌వాల్ వారు నేటికీ వాదించుకుంటారట. మధ్యాహ్నం చాలా పొద్దుపోయాక ఈ టీ ఫలహారం తీసుకునే అలవాటు 1840 ప్రాంతంలో బెడ్‌ఫర్డ్ డచెస్ అన్నా మొదలుపెట్టిందని చెప్పుకుంటారు. మేము రెండు స్కోన్లు తిన్నాము. ఏమీ అడగలేదు.

ఆ దేశానికి వెళ్ళే సోదర సోదరీమణులకు ఒకటి రెండు సూచనలు. మెరిసే మిఠాయిలలో, జెల్లీలలో జెలటిన్ ఉంటుంది. ట్రైఫిల్ అనే తీపిలో తరచుగా మద్యం పోస్తారు. క్రిస్మస్ పుడ్డింగులో జంతువుల కొవ్వు, మద్యం రెండూ ఉండవచ్చు. శాకాహారమని ముద్ర ఉన్నవాటిలో జంతువుల కొవ్వు, జెలటిన్ ఉండవు. అయినా మద్యం సంగతి విడిగా చూసుకోవాలి. అడగడానికి సిగ్గుపడనక్కరలేదు. అక్కడివారు నొచ్చుకోరు. దుకాణదారుని అడగండి, పొట్లం చదవండి. అడగవలసిన చోట అడిగి, నమ్మవలసిన చోట నమ్మండి. మేము ఈ రెండింటినీ తారుమారు చేశాము. కోడలిని ప్రశ్నించాము, పొట్లాన్ని నమ్మాము.

ఇషా తరువాత కోడలిని పిలిచాము. "అమ్మా, ఆ రోజు నీవు చేసిన వంటను మేము తినలేదు. నీ మాటను నమ్మకపోవడం మా తప్పు. అల్లాహ్ కోసం మమ్మల్ని క్షమించు" అన్నాము. ఆమె కంగారుపడి, "అంత మాట అనకండి అబ్బా" అంటూ కొంగుతో కళ్ళు తుడుచుకుంది. కొంచెం సేపటికి, "రేపు మళ్ళీ చేయనా?" అని అడిగింది. చేయమన్నాము.

మరునాడు భోజనపు బల్ల మీద షెపర్డ్స్ పై వచ్చింది. బిస్మిల్లాహ్ అని ముద్ద నోట పెట్టాము. మెత్తగా, కమ్మగా ఉంది. "కారం సరిపోయిందా అబ్బా?" అని కోడలు అడిగింది. దైవప్రవక్త (స) భోజనానికి ఎన్నడూ వంక పెట్టలేదన్నది మాకు తెలుసు. కానీ కర్నూలు నాలుక అబద్ధమాడలేదు. మేము లేచి వెళ్ళి సంచిలోని నిమ్మకాయ ఊరగాయ సీసా తెచ్చి బల్ల మధ్యన పెట్టాము. అందరికంటే ముందు కోడలే చెంచాతో వేసుకుంది.